మేస్త్రీ నోరు

"అది ద్రాక్షగుత్తి తల్లీ, పెళ్ళికొడుకు చెయ్యి కాదు! నిమిరింది చాలు, కొయ్యి!"

క్లెమ్ నోస్కే అరుపుకి పక్క వరుసలోని పిట్టలు లేచిపోయాయి గాని, తిట్టు తిన్న ఆవిడ మాత్రం కిసుక్కున నవ్వింది. క్లెమ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో మీసం మొలవకముందు నుంచీ ద్రాక్షతోటల్లో బతికిన మేస్త్రీ అతను. అతని నోటికి జడిసి కోత కూలీలు కన్నీళ్ళు పెట్టుకున్న రోజులున్నాయి, కత్తెరలు విసిరికొట్టి వెళ్ళిపోయిన రోజులూ ఉన్నాయి. నవ్వినవాళ్ళు మాత్రం ఇంతవరకు లేరు.

ఈ ఏటి గుంపు బస్సు దిగినప్పటి నుంచీ తేడాగానే ఉంది. టోపీలు కొత్తవి, బూట్లు కొత్తవి, ఒక్కరికీ నడుం వంగదు. తోట యజమానురాలు రోస్లిన్ పొద్దున వాళ్ళని అప్పజెబుతూ, "నీ మనుషులొచ్చారు బాబాయ్. ఏటా ఎలా కోయిస్తావో అలాగే కోయించు. ఏమీ మార్చకు," అనేసి, వైన్ రుచి చూపించే హాలువైపు పరుగెత్తింది. మార్చి నెల, కోతల కాలం కదా, అక్కడ ఇసకేస్తే రాలనంత జనం.

ఆ హాల్లోకి క్లెమ్‌కి ప్రవేశం లేదు. పోయినేడు అక్కడొక పెద్దమనిషి గ్లాసులో మూతి పెట్టి, "ఇందులో తడిసిన తోలు వాసన వస్తోంది," అన్నాడు. పక్కనే ఉన్న క్లెమ్ ఊరుకోవచ్చుగా? "మూతి కడుక్కుని రావలసింది," అన్నాడు. పెద్ద రభసైంది. రోస్లిన్‌ని చిన్నప్పుడు భుజాన మోసినవాడే అయినా, ఆ రోజు ఆమె ఖరాఖండిగా చెప్పేసింది. "టికెట్టు కొని వచ్చినవాళ్ళు నీమీద ఇంకొక్క ఫిర్యాదు చేశారో, తాళాలిచ్చేసి వెళ్ళిపో."

వెళ్ళడానికి క్లెమ్‌కి చోటెక్కడిది? తోట మూలనున్న ఆ చిన్న ఇల్లు కూడా తోటదే. భార్య పోయాక అతనికి మిగిలినవల్లా ఆ ఇల్లూ, ఈ తీగలూను. అందుకే అప్పటినుంచీ నోటిని కూలీల మీద మాత్రమే వాడుతున్నాడు.

"ఏంటయ్యా ఇది, బకెట్ నిండా ఆకులు? మేకలకి మేతా?" అని ఒక లావుపాటాయన్ని నిలదీశాడు.

"క్షమించండి మేస్త్రీగారూ!"

"క్షమించడానికి నేనేమైనా పాదిరీనా? వంగు! ఇంకా వంగు! పొట్ట అడ్డమొస్తే ఇంట్లో పెట్టి రావలసింది!"

పక్కనున్న ఆయన భార్య గబగబా దగ్గరికొచ్చింది. "అయ్యో, నేను సరిగ్గా వినలేదండీ. ఆ పొట్ట సంగతి ఇంకోసారి అనరూ?"

క్లెమ్ ఆవిడని ఎగాదిగా చూశాడు. వీళ్ళకి ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు.

మధ్యాహ్నం రొట్టె తింటూ ఉండగా ఆ లావుపాటాయన వేలు తెగిందని వచ్చాడు.

"మీ కాంట్రాక్టరునడుగు, పట్టీ ఇస్తాడు."

"కాంట్రాక్టరెవరు? మేం మెల్‌బోర్న్ నుంచి టికెట్లు కొనుక్కుని వచ్చాం కదండీ."

క్లెమ్ నమలడం ఆపాడు. "తమరు... ఏం చేస్తుంటారు?"

"జడ్జిని."

రొట్టె మట్టిలో పడింది. బస్సులు తారుమారయ్యాయి! అసలు కూలీలు హాల్లో కూర్చుని వైన్ చప్పరిస్తుంటారు. తనేమో పొద్దున్నుంచీ జడ్జిగారి పొట్టని తిడుతున్నాడు.

ఆ క్షణంనుంచి క్లెమ్ వేరే మనిషైపోయాడు. తన టోపీ తీసి జడ్జిగారి నెత్తిన పెట్టాడు. అందరి బకెట్లూ తనే మోశాడు. "అలసిపోతారు, నీడన కూర్చోండి బాబూ," అని బతిమాలాడు. వాళ్ళు కూర్చోలేదు సరికదా, మొహమొహాలు చూసుకున్నారు.

పొద్దుటి ఆవిడ ఒక గుత్తి పట్టుకుని, క్లెమ్ కళ్ళల్లోకి చూస్తూ మళ్ళీ నిమరసాగింది. రెచ్చగొడుతోంది, ఫిర్యాదుకి సాక్ష్యం కోసం చూస్తోంది అనుకున్నాడు క్లెమ్.

"నిమరండి తల్లీ, మీ ఇష్టం. తొందరేముంది?"

ఆవిడ మొహం మాడిపోయింది. జడ్జిగారు బకెట్‌లో ఆకులు కుక్కి తెచ్చి అతని ముక్కు కింద పెట్టాడు. ఒక్క పండు ఉంటే ఒట్టు.

"అబ్బ, ఎంత ముచ్చటైన ఆకులండీ!" అన్నాడు క్లెమ్, పళ్ళు బిగబట్టి. "ఇలాంటి ఆకులు ఈ లోయలోనే చూడలేదు."

అంతే. జడ్జిగారు కత్తెర కింద పెట్టేశాడు. ఆయన వెనకే అందరూ పెట్టేశారు. గుంపంతా ఊరేగింపులా హాలువైపు నడిచింది. మెట్లమీద జడ్జిగారు చేతులూపుతూ రోస్లిన్‌తో ఏదో చెప్పడం, రోస్లిన్ నొసలు చిట్లించడం క్లెమ్‌కి దూరంనుంచే కనిపించాయి. ఇక తన పని అయిపోయిందని, ఆమె వచ్చేలోగా తాళాలు జేబులోంచి తీసి పట్టుకున్నాడు.

"ఏం చేశావు బాబాయ్? అందరూ డబ్బు వాపసు ఇమ్మంటున్నారు!"

"తిట్టానమ్మా. కాదనను." తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. "కానీ వాళ్ళెవరో తెలిశాక ఒక్క పొల్లుమాట అనలేదు. అమ్మా అయ్యా అన్నాను, ఆకులు కోసినా మెచ్చుకున్నాను. జడ్జిగారి నెత్తిన నా టోపీ కూడా పెట్టాను. ఇంకేం చెయ్యమంటావు చెప్పు?"

రోస్లిన్ తల పట్టుకుంది.

"వాళ్ళు టికెట్టు కొన్నదే నీ తిట్లకి, బాబాయ్!"