యేసురత్నం మాస్టారి పథ్యం

“ఈ అన్నం ఎవురికి పెట్టినావు? తీసెయ్.”

యేసురత్నం మాస్టారు పళ్ళేన్ని పక్కకు నెట్టేశారు. భార్య శీనమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చేపల పులుసు పెట్టిన రోజున మారు అన్నం అడక్కుండా ఆయన లేచిన దాఖలా ఆ ఇంట్లో లేదు.

“ఒంట్లో బాగలేదా?”

“బాగానే ఉండాది. చేప ముక్కలు ఇంకో రెండు వెయ్యి, గుడ్డుంటే ఉడకెయ్యి. ఇంక నా పళ్ళెంలో మెతుకు పడకూడదు.”

హెన్రీ మాస్టారి భూస్థాపన నుంచి అప్పుడే తిరిగొచ్చారాయన. ఇద్దరూ ఉదయగిరి బడిలో కలిసి పాఠాలు చెప్పినవాళ్ళు. హెన్రీ భారీ మనిషి, ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు; పెట్టె మోసినవాళ్ళు దారిలో రెండుసార్లు దించి అలుపు తీర్చుకున్నారు. ప్రాణ స్నేహితుణ్ణి మట్టిలో పెట్టి వచ్చినవాడు ఏడుస్తాడు. ఈయన మాత్రం ఎవరితోనో తగువుపడి వచ్చినట్టు రుసరుసలాడుతున్నారు.

మర్నాటి నుంచి కొండెక్కడం మొదలైంది. అరవై దాటిన వయసు, తొంభై అయిదు కిలోల ఒళ్ళు. తెల్లారేసరికి మాస్టారు దుర్గం దారిలో ఆయాసపడుతూ కనిపించేవారు.

సంగతి తెలిసి పెద్దకూతురు షైనీ ఆత్మకూరు నుంచి బస్సెక్కి వచ్చింది. అక్కడ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. తండ్రి మీద కేకలేసే హక్కు ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది.

“బరువు తగ్గు నాయనా, నేను వద్దన్లా. కానీ అన్నం మానేసి, మళ్ళీ కొండెక్కితే కళ్ళు తిరిగి పడిపోతావు. ఎక్కే ముందు పిడికెడు రాగిసంగటి తిను, దిగినాక ఉప్పేసిన మజ్జిగ తాగు.”

“మజ్జిగ తాగుతా. సంగటి వద్దు. నేను అరవై కిలోలకి రావాల.”

“అరవై ఎందుకు? నీ ఎత్తుకి డెబ్బై అయిదు చాలు.”

“నీ లెక్క నీది, నా లెక్క నాది.”

“హెన్రీ అంకుల్ పోయినాడని నువ్వింత బెదిరిపోతే ఎట్టా?”

“నేను బెదిరినానా?” మాస్టారు కళ్ళెర్ర చేశారు. అంతలోనే కూతుర్ని ఎగాదిగా చూశారు. “నువ్వేంది, ఇట్ట పుల్లలాగా ఉండావు? కూర్చో. నా వంతు అన్నం కూడా నువ్వే తిను.”

అక్కడితో ఆగినా బాగుండేది. మాస్టారికి నలుగురూ కూతుళ్ళే. చివరిది రూబీ కానిస్టేబుల్ పరీక్షకి తయారవుతోంది, దానికి కసరత్తు కావాలి, సరే. తక్కిన ముగ్గురూ కాపురాలు చేసుకుంటున్న పిల్లల తల్లులు. ఆదివారం ఆరాధన కాగానే నలుగురినీ పెరట్లోకి పిలిచి బియ్యం బస్తా చూపించారు.

“ప్రతి ఆదివారం వచ్చి, ఒకరి తర్వాత ఒకరు భుజానికెత్తుకోండి. మిద్దె మీదికి మోసుకెళ్ళి దించండి. పరిగెత్తొద్దు. అడుగు తడబడకూడదు.”

“తినే బియ్యాన్ని మోయించే మనిషిని యాడా చూళ్ళేదమ్మా!” అని శీనమ్మ నెత్తి కొట్టుకుంది.

మొదటి వారం కూతుళ్ళు నడుములు పట్టుకుని తిట్టుకున్నారు. రానురాను వాళ్ళకే సరదా పుట్టింది. వింజమూరులో ఉండే రెండోది, మొగుడు చూస్తుండగా గ్యాస్ సిలిండర్ని మేడ మీదికి మోసుకెళ్ళి, ఆ ముచ్చట నలుగురికీ చెప్పుకుంది.

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. చర్చి సంఘపెద్ద పాల్ ఇంటికే వచ్చాడు.

“ఏంది మాస్టారూ, మీరు తిండి మానేసి ఆడబిడ్డల చేత బస్తాలు మోయిస్తా ఉండారంట? మోత మగోళ్ళ పని గదా!”

“నా ఇంట్లో మగపిల్లలు లేరు గదా.”

“అవసరానికి మేం లేమా?”

“మీరు రానక్కర్లా,” అని మాస్టారు గేటు వేసేశారు.

పాల్ మొహం మాడిపోయింది. షైనీకి తండ్రి పొగరు చూసి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. చొక్కాలు వదులై వేలాడుతున్నాయి. ఆరు నెలల్లో డెబ్బైకి దిగినా ఆయన ఆగడంలేదు. ఈ పంతమే ఆయన ప్రాణం తీస్తుందేమోనని ఆమెకి కంటి మీద కునుకు లేదు.

ఆమె భయపడినట్టే అయింది. ఒక ఆదివారం నలుగురు కూతుళ్ళనీ వెంటబెట్టుకుని కొండెక్కుతూ, సగం దారిలో మాస్టారు మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఒళ్ళంతా చెమట. షైనీ నాడి చూసి, ముందుచూపుతో కొంగున కట్టుకొచ్చిన పంచదార నోట్లో వేసి, చెల్లెళ్ళని కేకేసింది. నలుగురూ తలా ఒక పక్క పట్టి పైకెత్తారు. రాళ్ళ దారిలో ఎక్కడా ఆగకుండా, దించకుండా కింద రోడ్డు దాకా మోసుకొచ్చారు.

ఇంటికి చేర్చి అరుగు మీద పడుకోబెట్టి మజ్జిగ తాగించాక మాస్టారు కళ్ళు తెరిచారు.

“మీ నలుగురేనా? ఇంకెవురైనా చెయ్యేసినారా?”

“ఎవురూ లేరు నాయనా,” అంది రూబీ.

“బరువనిపించిందా?”

“లేదు.”

“యాడన్నా దించినారా?”

“దించలా!” షైనీకి దుఃఖమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. “చచ్చి బతికినావు. ఇప్పుడా ఈ ప్రశ్నలు? రేపట్నుంచి సంగటి తినకపోతే కొండ మాట ఎత్తనియ్యను.”

“తింటాలేమ్మా. అరవై కూడా అక్కర్లా, ఈ బరువు చాలు.” ఆయన మొహం వెలిగిపోతోంది. “ఒకరు పోయి పాల్‌ని పిలుచుకు రండి. ఆయనకి చెప్పాల.”

“ఏమని?”

“నా శవపెట్టెను నా కూతుళ్ళే మోస్తారని.”