మనుషుల్ని పంపండి

"దుప్పట్లు వద్దంటే ఎలా బావా? సేవ అంటేనే దుప్పటి కదా," అన్నాడు బట్టల కొట్టు యజమాని.

సేవాసంఘం సమావేశంలో ఆ పూట చర్చంతా దాని మీదే. సంఘానికి అధ్యక్షుడు పళ్ళ డాక్టరు, కార్యదర్శి ఆయన బావమరిదైన ఈ బట్టల కొట్టాయన. ఏటా సంవత్సరాంతపు సెలవుల్లో వృద్ధాశ్రమానికి వెళ్ళి దుప్పట్లు పంచడం, ఫొటో దిగడం, టీ తాగి రావడం వాళ్ళకి ఆనవాయితీ. ఆ దుప్పట్లు ఎవరి కొట్లోంచి వెళ్ళేవో వేరే చెప్పక్కర్లేదు.

"వద్దన్నది నేను కాదురా. ఆశ్రమం మేనేజరమ్మ ఫోన్ చేసింది. ఒక్కొక్కరి మంచం కింద ఇప్పటికే దొంతర్లు దొంతర్లుగా ఉన్నాయట. ఈసారి దుప్పట్లు కాదు, మనుషుల్ని పంపండి అంది."

"మనుషులెందుకు?"

"కూర్చుని కబుర్లు చెప్పడానికి. ఆదివారం ఆదివారం వెళ్ళాలి. పాపం, పెద్ద ప్రాణాలు. పలకరించే దిక్కులేక ఎంత అల్లాడిపోతున్నారో."

డాక్టరు అందరి వంకా చూశాడు. మనుషులకంటే ఖాళీ కుర్చీలే ఎక్కువున్న ఆ గదిలో ఎవరూ కాదనలేదు. ఈ సెలవుల్లో నలుగురూ మెచ్చే పని ఒక్కటైనా చెయ్యకపోతే సంఘానికి తాళం వెయ్యడమేనని అందరికీ తెలుసు.

మాట్లాడటమంటే డాక్టరుకి ప్రాణం. వచ్చిన చిక్కల్లా వినేవాళ్ళతోనే. క్లినిక్కులో ఆయనకి ఎదురులేదు, అక్కడ నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళు జవాబు చెప్పలేరు కాబట్టి. ఇంట్లో మాత్రం ఆయన "నా చిన్నప్పుడు" అని మొదలుపెట్టగానే భార్య మిక్సీ వేసేది. లోపల ఉన్నది ఎప్పుడో మెత్తబడిపోయినా, ఆయన కథ అయ్యేదాకా ఆపేది కాదు.

మొదటి ఆదివారం ఆశ్రమం హాల్లో ఆయన ఎదురుగా రిటైరైన హెడ్మాస్టరమ్మ వచ్చి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "చెప్పండి బాబూ," అంది.

ఆయన మొట్టమొదటిసారి పన్ను పీకిన రోజు గురించి ఎత్తుకున్నాడు. పేషెంటు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు, తను పట్టకారు లోపల పెట్టాడు అనేంతవరకూ చెప్పి, అలవాటు కొద్దీ ఆగాడు. ఎక్కడా ఏ చప్పుడూ రాలేదు.

"తరవాతేమైంది?" అంది హెడ్మాస్టరమ్మ.

ఆ ముక్క ఎవరైనా తనని అడిగి ఎన్నేళ్ళయిందో డాక్టరుకి గుర్తు రాలేదు. పేషెంటు కంటే ముందు తనే కళ్ళు తిరిగి పడిపోయాడన్న సంగతి, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది, ఆమెకి చెప్పేశాడు. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు బట్టల కొట్టాయన మొహం వెలిగిపోతోంది. "ఆ పాత బస్సు కండక్టరు లేడూ, పేకాటలో నన్ను చిత్తుచిత్తుగా ఓడించాడు బావా," అని పడీపడీ నవ్వాడు. బావమరిది పళ్ళు ఇంత బాగుంటాయని డాక్టరు అప్పుడే చూశాడు.

పై వారం, సమావేశాలకి మొహం చాటేసే సభ్యులు కూడా వచ్చి చేరారు. "చూశారా, మనకోసం ఆ పెద్దవాళ్ళు ఎలా ఎదురుచూస్తున్నారో," అన్నాడు డాక్టరు, అందరికంటే ముందు వ్యాన్ ఎక్కి కూర్చుని.

ఆ రోజు హెడ్మాస్టరమ్మ ఆయన కథని మధ్యలో ఆపింది.

"మీ ఆవిడకి ఏమంటే ఇష్టం?"

"ఇష్టమంటే... ఉప్పు తక్కువ తింటుందండీ."

"అది బీపీ. నేనడిగింది ఇష్టం."

డాక్టరు సాయం కోసం పేకాటలో ఉన్న బావమరిది వైపు చూశాడు.

"ఇంటికెళ్ళి కనుక్కోండి. వచ్చేవారం నాకు చెప్పాలి."

పెద్దావిడ ముచ్చట ఎందుకు కాదనాలని ఆయన ఇంటికెళ్ళి అడిగాడు. మిక్సీ మీటకి చేరబోతున్న భార్య చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఏమైంది మీకు? టెస్టులేవైనా చేయించుకున్నారా?"

"ఊరికే అడిగానే."

ఆమె అనుమానంగా చూసింది. ఆ తరవాత మెల్లిగా కూర్చుంది. పెళ్ళికి ముందు తను ఈత పోటీలకి వెళ్ళేదాన్నని చెప్పింది. ఆ మాట వినగానే, తను చెరువులో మునగబోయిన ఉదంతం డాక్టరు నాలుక చివరిదాకా వచ్చింది. జ్ఞానదంతం పీకినంత కష్టపడి దాన్ని లోపలికి నొక్కేసి, "తరవాతేమైంది?" అన్నాడు.

పొయ్యి మీద కూర మాడింది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

సెలవుల చివరి ఆదివారం ఆయన ఇదంతా పూసగుచ్చినట్టు చెబితే, హెడ్మాస్టరమ్మ ఆయన భుజం తట్టింది. "ఇక మీకు నాతో పనిలేదు బాబూ," అంది.

ఆ మాటకి డాక్టరు గుండె చెరువైపోయింది. వీళ్ళని ఇలా వదిలేసి వెళ్ళడం పాపమనిపించింది. సరాసరి మేనేజరమ్మ గదికి వెళ్ళాడు.

"సెలవులు అయిపోయాయని మేం రావడం మానేస్తే వీళ్ళు తట్టుకోలేరమ్మా. మా సంఘమంతా ఒక మాట అనుకున్నాం. ఏడాది పొడుగునా మీ ఆశ్రమాన్ని దత్తత తీసుకుంటాం."

మేనేజరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"మావాళ్ళకి తీరిక ఉండదేమో డాక్టరుగారూ. వచ్చేవారం నుంచి లాయర్ల సంఘం వాళ్ళు వస్తున్నారు."

డాక్టరుకి రోషం వచ్చింది. "మాలాగా మనసుపెట్టి సేవ చేసే ఓపిక లాయర్లకెక్కడిదండీ?"

ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించింది.

"ఏమీ అనుకోకండి, ఈ సెలవులకి మా పెద్దవాళ్ళే మిమ్మల్ని దత్తత తీసుకున్నారండీ."