రూతు చెవి

"మళ్లీనా?" అన్నాడు పశువుల డాక్టరు సురేంద్ర.

అంతోనమ్మ బుట్టలోంచి పిల్లిని తీసి బల్ల మీద పెట్టింది. రూతు చెవి కోసం ఆమె పెదబయలు రావడం ఇది నాలుగోసారి. రూతు తల విదిలించి చెవి బరబరా గోక్కుంది.

"చెవి కడిగే మందు వారానికి ఒక్కసారే కదా? ఎక్కువసార్లు పోస్తే లోపల తడి ఆరదు. మళ్లీ చీము పడుతుంది."

"ఏసుబాబు మీదొట్టు! ఆదివారం చర్చి నుంచొచ్చాక ఒక్కపాలే. దూదితో తుడిసి ఆరబెడతన్నాను కూడాను."

"అయితే ఇంకో పిల్లి నుంచి అంటుకుంటోందేమో. ఈసారి తిరగబెడితే వినికిడి పోతుందమ్మా, చూసుకో."

అంతోనమ్మ గబుక్కున రూతుని ఒళ్లోకి లాక్కుంది. కాఫీ తోట నుంచి వచ్చి ఆమె చెప్పే కబుర్లు ఓపిగ్గా వినేది లోకం మొత్తం మీద రూతు ఒక్కతే.

రూతుని ఇంట్లో దింపి, ఉప్పు కొందామని ఊళ్లోని రమణమూర్తి కొట్టుకెళ్తే, తక్కెడ పక్కన అదే మందు సీసా కనిపించింది!

"ఇదేటి సావుకారూ?"

"మా గౌరికి. మందుల షాపులో అడిగి తెచ్చి గురువారం గురువారం చెవిలో పోస్తున్నాను. అయినా తగ్గి చావడం లేదు."

దొంగ దొరికిందనుకుంది అంతోనమ్మ.

"మా రూతుకి అంటిస్తన్నాది మీ పిల్లేనన్నమాట!"

"మా గౌరా? రాత్రంతా బియ్యం బస్తాలకు కాపలా కాసి, ఇంత పెరుగన్నం తినే పిల్లి అది. నీసు వాసన వస్తే మొహం తిప్పుకుంటుంది."

"మాది ఎండుసేప నేకపోతే ముద్ద ముట్టదు. మీ పెరుగన్నం పిల్లితో దానికేటి సావాసం?"

కొట్టుకొచ్చినవాళ్లంతా బేరాలు మాని వినోదం చూశారు. చివరికి సంత రోజున ఇద్దరూ తమ పిల్లుల్ని డాక్టరు ముందు పెట్టాలని, తప్పెవరిదో ఆయనే తేల్చాలని ఒప్పందం కుదిరింది.

సంత రోజు అంతోనమ్మ ఖాళీ బుట్టతో వచ్చి బెంచీ మీద కూలబడింది.

"పొద్దున్నే ఇంటికొచ్చే రూతు ఇయ్యాల రానేదు బాబూ! ఎంత పిలిసినా పలకనేదు. సెవులు పోయాయేటో!" అంటూ కళ్లు తుడుచుకుంది.

అంతలో రమణమూర్తి మూత కట్టిన బుట్టతో దర్జాగా దిగాడు.

"తప్పించుకు పోకుండా తెల్లారకముందే కొట్లోనే పట్టేశాను. మా గౌరి ఎంత పద్ధతైన పిల్లో మీరే చూడండి డాక్టరుగారూ!" అంటూ మూత తీశాడు.

బుట్టలోంచి రూతు ఒక్క గెంతున అంతోనమ్మ ఒళ్లోకి దూకింది.