పోలరాజు మందు

“కూచోండి పంతులుగారూ,” అంటూ పేరమ్మ నులకమంచం వాల్చింది గానీ అతని మొహంలోకి చూడలేదు.

ఆదిశేషయ్య కూర్చోలేదు. విజయవాడ నుంచి కైకలూరు దాకా బస్సులో, అక్కణ్ణుంచి కొల్లేటి లంకకు దోనెలో వస్తూ కూడగట్టుకున్న మాటలన్నీ ఆమెను చూడగానే చెదిరిపోయాయి. రెండేళ్లుగా రావాలనుకుంటూ రాలేకపోయిన ఇల్లది.

అతను కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. బోదకాలు తెచ్చే పురుగును చంపడానికి ఆంటిమొనీ అనే లోహంతో ఒక మందు తయారుచేశాడు. ఆరేళ్ల కష్టం అది. ఎలుకల్లో పనిచేశాక, ఒక డాక్టరుగారి పర్యవేక్షణలో కొందరు మగ రోగులకు మాత్రమే ఇచ్చి చూద్దామనుకున్నారు. అందరికన్నా ముందు ఒప్పుకున్నవాడు పేరమ్మ మొగుడు పోలరాజు. వారం వారం వచ్చి బిళ్లలు పట్టుకెళ్లేవాడు. పదో వారం, చేపల వేటలో ఉండగా, గుండె పట్టుకుని దోనెలోనే ఒరిగిపోయాడు.

ఆ లోహం మోతాదు మించితే గుండెకు ముప్పని ఆదిశేషయ్యకు తెలుసు. “అదే కారణమని ఎలా చెప్పగలం?” అని డాక్టరుగారు అన్నా వినలేదు. అప్పుడే మొదలుపెట్టిన మిగతావాళ్లకు మందు ఆపించాడు. పటమటలో తన ఇంటి పెరట్లో నోటుపుస్తకాలన్నీ తగలబెట్టాడు. మళ్లీ ఆ పని జోలికి పోలేదు. నిద్ర మాత్రం తిరిగి రాలేదు.

“నీకో మాట చెప్పి పోదామని వచ్చానమ్మా,” అన్నాడు. “పోలరాజును పొట్టన పెట్టుకుంది నేనే. నా మందే అతని గుండె ఆపింది.”

“అంత మాటనకండి బాబూ.”

“నన్ను తిట్టు పేరమ్మా. నా మొహం చూడబుద్ధి కావట్లేదు నీకు. తెలుస్తూనే ఉంది.”

“కోపంతో కాదండీ,” పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “సిగ్గుతో. మిమ్మల్ని మోసం చేశాం. మీ మందు ఆయన ఒంటికి పట్టుంటే బతికేవాడేమోనని రోజూ కుమిలిపోతన్నాను.”

“పది వారాలు వాడాడు గదమ్మా. ఇంకెలా పట్టాలి?”

ఆమె వంగి, చీర అంచు కాస్త పైకెత్తింది. రెండు కాళ్లూ సన్నగా, సమానంగా ఉన్నాయి. ఆదిశేషయ్య అయోమయంగా చూశాడు.

“అప్పట్లో నా ఎడంకాలు మోకాలిదాకా వాచిపోయి ఉండేదండీ. నెలనెలా చలిజ్వరం,” అంది పేరమ్మ. మొదటిసారి తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

“ఆయన బిళ్లలన్నీ నాకే పెట్టాడండీ.”