తొంభై దాటని గేరుబాక్సు

"నూట పద్దెనిమిది డిగ్రీలు" అన్నాడు మెకానిక్ సుంకన్న, స్టీరింగు కింద తగిలించిన చిన్న మీటరులోకి వంగి చూస్తూ. "ఇంగ కొంచెం దూరం తోలింటే మల్లా నిలబడిపోయుండేది అన్నా."

మధుసూదన్ కారు దిగాడు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు రోడ్డులో అతను పది కిలోమీటర్లు తోలి వచ్చేసరికే గేరుబాక్సు ఆయిలు అంతగా కాగిపోయింది. షెడ్డు ముందు స్టూలు మీద కూర్చున్న అతని భార్య పద్మ లేచి దగ్గరికొచ్చింది.

"సూసినావా?" అన్నాడు ఆమెతో. "వారంలో ఆరు దినాలు నువ్వు నలిపి పెడితే, ఆదివారం నా సేతికి వచ్చేసరికి ఇట్లయితాంది. మంత్రాలయం పోతా పోతా రెండుసార్లు దోవలో నిలబడింది. ఇరవై ఏళ్ళు జీపు తోలినోణ్ణి. నా సేతిలో ఏ బండీ ఆగలే."

పద్మ గోనెగండ్ల దగ్గర ఒక పల్లెలో టీచరు. కారు రాకముందు రెండు బస్సులు మారి బడికి పోయేది. ఇల్లు చేరేసరికి చీకటి పడేది. నలభై రెండో ఏట పట్టుబట్టి, గేర్లు మార్చే పని లేని ఈ ఆటోమేటిక్ కారు మీద డ్రైవింగ్ నేర్చుకుంది. తన బతుకులో తాను చేసిన గొప్ప పని అదేనని ఆమె నమ్మకం. ఆ కారునే ఆలూరులో ఒకాయనకు ఇచ్చేస్తానని మధుసూదన్ వారం నుంచి అంటున్నాడు. ఈ రోజు కూలర్ బిగించాక కూడా వేడెక్కితే రేపే బేరం.

సుంకన్న కూలర్ అట్టపెట్టె విప్పాడు. పలకంత అల్యూమినియం జాలీ, రెండు నల్లటి రబ్బరు పైపులు బయటికి తీశాడు.

"ఇదేం సేస్తాది సుంకన్నా?" అంది పద్మ.

"గేరుబాక్సులో కాగిన ఆయిలు ఈ పైపులో వస్తాది వదినా. జాలీలో తిరిగి, గాలికి సల్లారి, ఆ పైపులో మల్లా లోపలికి పోతాది. అంతే."

"నేనేమన్నా తప్పుగా తోల్తాండానా?"

సుంకన్న నోరు తెరిచేలోపే మధుసూదన్ అందుకున్నాడు. "తప్పు గాక ఏమి? ఎడమ కాలు పక్కన పారేసి తోల్తావు. నన్ను సూడు. కుడికాలు యాక్సిలేటరు మీద, ఎడమకాలు బ్రేకు మీద ఆనిచ్చే పెట్టుకుంటా. ఎప్పుడు ఏ గొడ్డు అడ్డమొస్తాదో."

సుంకన్న చేతిలో స్పానరు ఒక్క క్షణం ఆగింది.

"దోవంతా ఆనిచ్చే ఉంటావా అన్నా?"

"దోవంతా."

"జాగ్రత్త మనిషివిలే" అని సుంకన్న మళ్ళీ పనిలో పడ్డాడు.

ముందు బంపరు ఊడదీశాడు. రేడియేటరుకు ముందు జాలీని నిలబెట్టి, ఒరుసుకోకుండా మధ్యలో రబ్బరు ముక్కలు పెట్టి నాలుగు బోల్టులు బిగించాడు. పైపులు రెండూ కిందికి దించాడు. మధుసూదన్ పక్కనే నిలబడి ప్రతి బోల్టుకూ ఒక సలహా ఇచ్చాడు.

"టీ తాగి రాపో అన్నా" అని, సుంకన్న బండి కిందికి దూరాడు.

మధుసూదన్ తిరిగి వచ్చేసరికి బంపరు మళ్ళీ తన చోట ఉంది. తాళం చెవి పద్మ చేతిలో ఉంది.

"ఆమెకెందుకిచ్చినావు?"

"పాడయ్యేది వదిన సేతిలోనే అంటివి గదా. ఆ సేతిలోనే సూద్దాం. ఈసారి ఎమ్మిగనూరు దాకా. నువ్వు పక్కన కూసోని మీటరు సూడు."

మధుసూదన్ పక్క సీట్లో కూర్చున్నాడు. సుంకన్న వెనక సీట్లో కూర్చున్నాడు.

పద్మ బండి స్టార్టు చేసింది. ఇప్పుడు వేడెక్కితే కారు పోవడమే కాదు, తప్పంతా తనదేనని రుజువైపోతుంది. మధుసూదన్ కళ్ళు మీటరు మీదే ఉన్నాయి. డెబ్భై. ఎనభై. ఊరు దాటాక ఎనభై ఆరు. పత్తి లారీ వెనక చాలా దూరం మెల్లగా పోవలసి వచ్చింది. ఎనభై తొమ్మిది. అంకె అక్కడే నిలిచింది. ఎమ్మిగనూరులో తిరిగి, మళ్ళీ ఆదోని చేరి, షెడ్డు ముందు బండి ఆపేదాకా తొంభై దాటలేదు.

పద్మ స్టీరింగు మీద తల ఆనించింది. కళ్ళు తడిసినా దాచుకోవాలనిపించలేదు.

మధుసూదన్‌కూ సంతోషమే. కారంటే అతనికీ ఇష్టమే మరి. అక్కడికక్కడే ఆలూరాయనకు ఫోను చేసి, బండి అమ్మడం లేదని చెప్పేశాడు.

"ఇంగ నేను రోజూ బడికి తోలుకోని పోవచ్చునా?" అంది పద్మ.

"తోలుకోని పో. నువ్వెట్ల తోలినా కూలర్ కాపాడ్తాది. ఏం మాల్ తెప్పిచ్చినావు సుంకన్నా. నూట పద్దెనిమిది యాడ, ఎనభై తొమ్మిది యాడ. నేను ముందే సెప్తి గదా పద్మా, దీనికి కూలరే మందని."

సుంకన్న గోనెసంచి పరుచుకుని మళ్ళీ బండి కిందికి దూరుతున్నాడు.

"పనైపోయినాక మల్లా ఎందుకప్పా కిందికి పోతాండావు?" అని మధుసూదన్ అడిగాడు.

"ఆ పైపులు గేరుబాక్సుకు ఇంగా కలపలే అన్నా."