చివరి చెంచా దాకా

“సార్, కొరియాలో గిన్నె చేత్తో ఎత్తరు. బల్ల మీదే ఉంచి చెంచాతో తింటారు.”

లింబాద్రి ఈ మాట వచ్చీరాని ఇంగ్లిష్‌లో, చాలా వినయంగా చెప్పాడు.

చెప్పింది ఎవరికి? అచ్చమైన కొరియా ముసలాయనకి.

ఆయన గుమ్మడికాయ జావ గిన్నెను రెండు చేతులా పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, దాని అడుగు కూడా చూస్తున్నాడు. చేతులు సన్నగా వణుకుతున్నాయి.

“అవును కదా. మంచిది, గుర్తు చేశావు,” అని నవ్వి గిన్నె దించాడాయన.

లింబాద్రిని అనుకుని లాభం లేదు. రియాద్‌లోని ఆ ఖరీదైన కొరియన్ రెస్టారెంట్‌లో ఏం కావాలని ఎవరూ అడగరు. వంటగదిలోంచి ఏది వస్తే అది, ఒకదాని తర్వాత ఒకటి తినడమే. గిన్నెలో తిండి కాస్త, దాని వెనక పురాణం బోలెడు. ఆ పురాణమూ, తినే పద్ధతీ వివరించడం వడ్డించేవాడి డ్యూటీ. వచ్చినవాళ్ళది ఏ దేశమైనా చెప్పాల్సిందే.

జగిత్యాల నుంచి వచ్చిన లింబాద్రికి మొదట్లో ఇదంతా వింతగా ఉండేది. “ఆకలైనోడు ఈడికి రావద్దే,” అని ఫోన్‌లో భార్య శ్రీలతతో చెప్పి నవ్వేవాడు. కానీ ఈ ఉద్యోగమంటే అతనికి ప్రాణం. ఏళ్ళ తరబడి కట్టడం పనిలో ఎండకు మాడి, నడుం పోగొట్టుకున్నాక దొరికిన నీడ ఇది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. ఆపైన మొన్ననే ఒక గ్లాసు పగలగొట్టాడు.

“ఇంగొగటి పగిలిందంటే ఎగ్జిట్ కొట్టిచ్చి ఇంటికి పంపిస్తా, చూసుకో,” అని మేనేజర్ నయీమ్ అప్పుడే చెప్పేశాడు. నయీమ్‌ది కడప. అన్నాడంటే చేసే రకం.

అందులోనూ ఆ మట్టి గిన్నెలు. షెఫ్ హాన్ వాటిని కొరియా నుంచి విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుందట. వంటగది దాటి బయటికి రాని ఆ మేడం, వాటిని ఎవరినీ కడగనివ్వదు. తనే కడుక్కుంటుంది.

ముసలాయన నెమ్మదిగా జావ తిన్నాడు. ఖాళీ గిన్నెను రెండు చేతులతో లింబాద్రికి అందించాడు.

పెద్దవాళ్ళు ఇచ్చింది రెండు చేతులతో అందుకోవాలి. అది కూడా ఇక్కడ నేర్పిందే. కానీ లింబాద్రి ఎడమ చేతిలో ట్రే ఉంది. ఒక్క గిన్నే కదా అని ఒంటి చేత్తో అందుకున్నాడు.

గిన్నె జారి రాతి నేల మీద పడింది.

చప్పుడు విని నయీమ్ పరుగున వచ్చాడు.

“నా చేయి వణికింది,” అన్నాడు ముసలాయన. “ఈ అబ్బాయి పట్టుకోబోయాడు, పాపం.”

అతిథిని నయీమ్ ఏమంటాడు? “ఫర్వాలేదు సార్,” అని మొహానికి నవ్వు తగిలించుకున్నాడు.

ముసలాయన వంగి ఒక ముక్క తీశాడు. బొటనవేలితో దాన్ని కాసేపు నిమిరి, మెల్లగా ట్రేలో పెట్టాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి గిన్నెనూ లింబాద్రి ఆయన ముందు రెండు చేతులతో పెట్టాడు. దేవుడికి నైవేద్యం కూడా ఎప్పుడూ అంత భక్తిగా పెట్టలేదతను.

ఆయన వెళ్ళేటప్పుడు లింబాద్రి తలుపు దాకా వెంట వచ్చి అడిగాడు.

“సార్, జారింది నా చేతిలోంచి. మీరెందుకు అలా చెప్పారు?”

“నా చేయి నిజంగానే వణుకుతుంది కదా,” అన్నాడాయన. “మీ షెఫ్‌కి ఒక మాట చెప్పు. జావ చివరి చెంచా దాకా వేడిగానే ఉంది.”

ఎయిర్‌పోర్టుకు టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు.

లింబాద్రి వంటగదిలోకి వచ్చేసరికి నయీమ్ మేడంకు ముక్కలు చూపిస్తున్నాడు.

“ఎవరో ముసలాయన మేడం. గిన్నె పట్టుకోవడం కూడా తెలీదు. తిప్పి తిప్పి చూసి, ఆఖరికి పగలగొట్టి పోయాడు.”

తన అన్నం నిలబెట్టిన మనిషిని తన ఎదురుగానే తిడుతుంటే లింబాద్రి తట్టుకోలేకపోయాడు.

“ఆయన్నేమనకు నయీమ్ భాయ్. నా చెయ్యే జారింది. నా కోసమని ఆయన మీదేసుకున్నడు.”

“ఏందప్పా నువ్వు, గమ్మునుంటే సరిపోయేది గదా,” నయీమ్ తల పట్టుకున్నాడు. “ఇంగ మేడంకు జెప్పకుండా ఎట్ల?”

జరిగింది ఆమెకు ఇంగ్లిష్‌లో చెప్పాడు. షెఫ్ హాన్ ముక్కల వైపే చూస్తోంది.

ఉద్యోగం ఎలాగూ పోయింది, ఆయన మాటైనా అందించాలనుకున్నాడు లింబాద్రి.

“మేడం, ఆయన మీకు చెప్పమన్నారు. జావ చివరి చెంచా దాకా వేడిగానే ఉందట.”

షెఫ్ హాన్ తలెత్తింది.

“మళ్ళీ చెప్పు.”

చెప్పాడు.

ఆమె ఏప్రన్‌తోనే బయటికి పరుగెత్తింది. రోడ్డు మీద ఎండలో నిలబడి అటూ ఇటూ చూసింది. టాక్సీ ఎప్పుడో వెళ్ళిపోయింది. అది పోయిన వైపుకు తిరిగి నడుం వంచి నమస్కరించింది. తలుపు దగ్గరున్న లింబాద్రి, ఎందుకో తెలియకుండానే చేతులు జోడించాడు.

ఆమె లోపలికి వచ్చి ముక్కలన్నీ తెల్లటి గుడ్డలో మూటకట్టింది.

“ఇతను ఇక్కడే ఉంటాడు,” అంది నయీమ్‌తో.

“పగలగొట్టింది ఇతనే కదా మేడం?”

షెఫ్ హాన్ కళ్ళు తుడుచుకుంది.

“జావ చివరి చెంచా దాకా వేడిగా ఉండాలని నేనడిగితే, వణికే చేతులతో ఆఖరిసారిగా ఈ గిన్నెలు చేసిచ్చింది ఆయనే. చేసినాయనే తప్పు తన మీద వేసుకుని వెళ్ళాక, కాదనడానికి మనమెవరం నయీమ్?”