జలగ

"మళ్లీ వచ్చినాడు సూడు జలగ!" అంటూ హేమశ్రీ ల్యాప్‌టాప్‌ను అమల వైపు తిప్పింది.

తిరుపతిలో ఇంజనీరింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్ గది అది. హేమశ్రీ తన దగ్గరున్న కొత్త సినిమాలన్నీ ఫైల్ షేరింగ్ యాప్‌లో తెరిచి పెడుతుంది. ఎవరికి కావలసింది వాళ్లు దించుకుంటారు. దించుకున్నవాళ్లు తిరిగి నలుగురికీ ఇవ్వాలన్నది అక్కడి మర్యాద. సుకుమార్ అనే ఈ మనిషి మాత్రం వారం నుంచి తీసుకోవడమే తప్ప ఒక్కటీ ఇవ్వలేదు.

"ఆపేయే. పైరసీ కేసులో ఇరుక్కుంటే కాలేజీలోంచి తీసేస్తామని ప్రిన్సిపాల్ చెప్పలా? సీటు పోతే మీ నాయనకేం చెప్తావు?" అంది అమల.

"కేసులు పెట్టేది సినిమాలు అమ్ముకునేటోళ్ల మీదే. నేను ఊరికే ఇస్తా ఉండాను. అలిపిరి కాడ మా అవ్వ కొండెక్కేటోళ్లకు ఊరికే మజ్జిగ పోస్తాది. ఏ పోలీసైనా పట్టుకపోయినాడా?"

"మజ్జిగ మీ అవ్వది. సినిమా నీదా?"

"పిరికిదానా! ఇట్లా వణికేదానికి నీకు చదువెందుకే? మీ ఊరు పాకాలకు పోయి గొడ్లు కాసుకో."

అమల మొహం తిప్పుకుంది. హేమశ్రీ సుకుమార్‌కు మెసేజ్ కొట్టింది. "తీసుకునేదే గానీ పెట్టేది తెలీదా? సిగ్గు లేదా నీకు?"

"నాకాడ ఏమీ లేవక్కా. మీకాడ ఇంకా ఏమేముండాయి?"

"అడుక్కునేదానికీ ఒక తెలివుండల్ల!" అని పకపకా నవ్వి, సినిమాల పేర్లన్నీ పంపింది.

"ఇన్నీ మీరే పెట్టినారా అక్కా?"

"నేను కాక మీ తాత పెట్టినాడా? యాడుంటావు నువ్వు?"

"తిరుపతే అక్కా."

"అయితే సాయంత్రం రా. అన్నీ ఒక్కసారే పెన్‌డ్రైవ్‌లో ఏసిస్తా. పీడా పోతాది."

"దేవత మాదిరుండావక్కా. ఏ హాస్టలు? మీ పేరేంది?"

హేమశ్రీ రెండూ చెప్పింది. "చూసినావా, దేవతంట!" అని అమలను మోచేత్తో పొడిచింది.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. "గేటు కాడ ఉండానక్కా."

"వచ్చినాడే బిచ్చగాడు. వాని మొగమెట్లుంటాదో సూసొస్తా" అంటూ హేమశ్రీ జడ వెనక్కి విసిరి మెట్లు దిగింది.

గేటు దగ్గర, ఆడ కానిస్టేబుల్ పక్కన, ఎస్సై సుకుమార్ నిలబడి ఉన్నాడు.